సఫ్రానీ గారి ఋణము

హైదరాబాదు నగరమున ఆబిడ్స్ కూడలియందు నిలిచి, ఈ పేటకు పేరు ఎవరివలన వచ్చినదని బాటసారుల నడిగినచో, సరిగా చెప్పగలవారు కొలదిమందియే యుందురు. ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాను కొలువున ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మేనియను పరిచారకు డుండెను. ప్రభువునకు ఆంతరంగిక సేవకుడు. ఆయన ఇచ్చట ఒక దుకాణము పెట్టెను. దుకాణము పోయినది, యజమాని పోయినాడు, పేరుమాత్రము నిలిచినది. ప్రభుసేవ చేసి ధనము గడించి అంగడి తెరచిన యొక మనుష్యుని పేరు నగరమధ్యమున నూరేండ్లకు పైబడి మ్రోగుచున్నది. దీనియం దాక్షేపణ లేదు. వ్యాపారమును గౌరవ మర్హించును.

కాని ఆ కూడలికి కూతవేటు దూరమున ట్రూపుబజారు కలదు. అచ్చట ఆబిద్ మంజిల్ అను గృహ మొకటి యుండెను. సహాయ నిరాకరణోద్యమ దినములలో ఆ గృహపు ముంగిట విదేశ వస్త్రములు దగ్ధమైనవి. ఆ యింటి బిడ్డ మరియొక ఆబిద్. ఆయన అంగడి పెట్టలేదు. ప్రభువులను సేవింపలేదు. ఆయన మనకిచ్చినది రెండు మాటలు: “జై హింద్”. హిమాలయములమీది కావలివాడు మొదలు కుగ్రామపు పాఠశాలలో పతాకమునెత్తు పిల్లవానివరకు నేడు ఆ రెండు మాటలనే ఉచ్చరించుచున్నారు. ఆ మాటలు తెలిసినంతగా మాటలిచ్చినవాడు మనకు తెలియడు. ఈ విషయమునే నేడు మన పాఠకుల యెదుట పెట్టదలచితిమి.

శ్రీ జైనుల్ ఆబిదీన్ హసన్ గారు 1911లో హైదరాబాదున జన్మించిరి. తల్లి ఫఖ్రుల్ హాజియా బేగము ఘోషాచాటున జీవించు కులీన స్త్రీల కాలమున జాతీయోద్యమమునకు తలుపులు తెరచిన ధీరురాలు. అన్న బద్రుల్ హసన్ గాంధీమహాత్ముని అనుయాయి. మద్యము, మాదకద్రవ్యములు దేశమునకు చేయుచున్న కీడును గూర్చి ఆయన రచించిన ఆంగ్ల గ్రంథమునకు 1922లో మహాత్ముడే పీఠిక వ్రాసెను. కొంచె మవతల నాంపల్లి స్టేషను రోడ్డున శ్రీమతి సరోజినీదేవి గారి ‘గోల్డెన్ త్రెషోల్డ్’ కలదు. నిజాము రాష్ట్రమున రాజకీయసభ జరుపుటకు అనుమతి దొరకని దినములలో, నాంపల్లికిని ట్రూపుబజారునకును నడుమనున్న ఈ కొలది గృహములలోనే స్వాతంత్ర్యమును గూర్చిన సంభాషణ సాగెను. గృహమే సభ, గృహిణియే అధ్యక్షురాలు.

అట్టి యింట పెరిగిన బాలుడు కళాశాల విడిచి సబర్మతీ ఆశ్రమమునకు పోవుటయు, సత్యాగ్రహమున పాల్గొని కారాగారవాస మనుభవించుటయు ఆశ్చర్యము కాదు. తరువాత ఉన్నతవిద్యకు దేశాంతరము పంపవలసి వచ్చినపుడు, సంపన్నులందరు తమ బిడ్డలను ఇంగ్లండునకు పంపుచుండగా, తల్లి తన కుమారుని ఏలినవారి దేశమునకు పంప నొల్లక జర్మనీకి పంపెను. ఇంజనీరింగు చదువుటకై పోయిన యువకుడు చదువు ముగియకమునుపే మరియొక గురువును కనుగొనెను. 1941లో సుభాషచంద్ర వసువు బెర్లిను చేరిరి. హసన్ గారు పుస్తకములు మూసి ఆయన చెంత చేరి కార్యదర్శియైరి.

ఆ ఏటి నవంబరులో బెర్లినునందు స్వతంత్ర భారత కేంద్రము స్థాపితమయ్యెను. ఉత్తర ఆఫ్రికా రణరంగమున పట్టువడి జర్మనుల నిర్బంధమున నున్న భారతీయ సైనికులనుండి ఒక దళము కూర్చబడెను. అచ్చట నొక చిక్కు తోచెను. ఆంగ్లేయ ప్రభుత్వపు సైన్యమున పటాలములు కులమునుబట్టి, మతమునుబట్టి విభజింపబడి యుండెడివి. సిక్కు కంపెనీ వేరు, ముసల్మాను కంపెనీ వేరు, రాజపుత్ర కంపెనీ వేరు. వంట వేరు, వందనము వేరు. ఒకడు ‘రామ్ రామ్’ అనును. ఒకడు ‘సత్ శ్రీ అకాల్’ అనును. ఒకడు ‘సలామ్’ అనును. వసువుగారు ఈ గోడలను పడగొట్టి అన్ని మతములవారిని ఒకే పంక్తిని నిలువబెట్టదలచిరి. గోడ పడిన పిదప ఒకరినొకరు ఏమని పలుకరించుకొనవలెను? ఈ ప్రశ్నకు జవాబు వెదకుట హసన్ గారి వంతాయెను. ఆయన అడిగి, విని, మార్చి, కుదించి తుదకు ‘జై హింద్’ అను వందనమును సూచించిరి. వసువుగారు దానిని స్వీకరించిరి.

ఈ నినాదము చెంపకరామన్ పిళ్ళై గారిదని వాదించువారును కలరు. ఆ దేశభక్తుడు 1934లోనే బెర్లినున కీర్తిశేషుడైనాడు. ఆయన త్యాగమునకు మనము నమస్కరింపవలసినదే. కాని ఒక సైన్యమునకు, ఒక ప్రభుత్వమునకు, పిదప ఒక జాతికి వందనమై నిలిచిన రూపమున అది హసన్ గారి చేతులమీదుగా వచ్చినదని ఆ కాలమువారు చెప్పుచున్నారు. మాట పుట్టుక గూర్చి వాదము జరుగవచ్చును. మాట పుట్టిన అవసరమును గూర్చి వాదము లేదు. అవసర మిది: భిన్నమతముల వారిద్దరు ఎదురుపడినపుడు ఎవ్వరును తల వంచనక్కరలేకుండ ఇద్దరును తలయెత్తి పలుకగల మాట కావలసియుండెను.

తరువాతి కథ పురాణములలో చదువదగినది. 1943 ఫిబ్రవరిలో వసువుగారు జర్మను జలాంతర్గామి యొకదానిలో కీల్ రేవునుండి బయలుదేరిరి. తోడు వెళ్ళుటకు ఎన్నుకొనబడిన భారతీయు డొక్కడే; అతడు మన హైదరాబాదువాడు. చమురు వాసన, చెమట, చీకటి, ఇరుకు. తలపైన సముద్రము, సముద్రముపైన శత్రువుల యోడలు. ఆ గుహలో వసువుగారు తమ గ్రంథమును సవరించుచు, ముందు చేయవలసిన యుపన్యాసములను చెప్పుచుండగా హసన్ గారు వ్రాసికొనిరి. ఏప్రిలు నెలాఖరున మడగాస్కరు సమీపమున, అలలు చెలరేగుచున్న సముద్రముమీద, ఇద్దరును రబ్బరు తెప్పపై ఎక్కి జపాను జలాంతర్గామిని చేరిరి. మే మొదటి వారమున సుమత్రా కొసనున్న సబాంగు రేవున కాలు మోపిరి. మూడు మాసముల ప్రయాణము. పట్టువడినచో ఇద్దరి గతియు ఒక్కటే. ఇట్టి ప్రయాణమునకు తోడుగా మనుష్యుని ఎన్నుకొనునపుడు మతము చూడరు, మనస్సు చూతురు.

1943 అక్టోబరు 21వ తేదీన సింగపూరున ఆజాద్ హింద్ ప్రభుత్వము ప్రకటితమయ్యెను. మరుసటి సంవత్సరము ఇంఫాల్ దండయాత్ర. ఆ రంగమున హసన్ గారు కేవలము కార్యదర్శి కారు, సైనికాధికారి. వానలు విరుచుకొనిపడినవి. త్రోవలు కొట్టుకొనిపోయినవి. బియ్యము రాలేదు, మందు రాలేదు. ఆ రంగమునకు పోయిన సుమారు 6,000 మంది ఆజాద్ హింద్ సైనికులలో తుపాకిగుండునకు చచ్చినవారికంటె ఆకలికి, అతిసారమునకు, మలేరియాకు చచ్చినవారే పెక్కు రెట్లు. ఈ అపజయమును గూర్చి హసన్ గారు తరువాత ‘ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్’ అను చిన్న పుస్తకమును వ్రాసిరి. 1971లో కలకత్తాలోని నేతాజీ పరిశోధన సంస్థ ప్రకటించెను. గెలిచిన యుద్ధములను గూర్చి వ్రాయువారు పెక్కురు. ఓడి, కాళ్ళీడ్చుకొనుచు మరలివచ్చిన సామాన్య సిపాయిల నిమిత్తము కలము పట్టినవారు అరుదు. ఆ పుస్తకమున నాయకుడు రచయిత కాడు. నడువలేని తోటివానికి తోడు నిలిచిన పేరులేని సిపాయి.

ఇక ‘సఫ్రానీ’ అను పేరు. సైన్యమున పతాకవర్ణములను గూర్చి చర్చ రాగా హిందూ సైనికులు కాషాయము కావలెననియు, ముస్లిం సైనికులు ఆకుపచ్చ కావలెననియు కోరిరనియు, తుదకు హిందూ సైనికులే తమ పట్టు సడలించి త్యాగము చేసిరనియు, ఆ యౌదార్యమునకు కరగి హసన్ గారు కాషాయమును తమ పేరుననే ధరించిరనియు చెప్పుదురు. ఒకరు తమ రంగును వదలుకొనిరి. వేరొకరు దానిని తీసి తలదాల్చిరి. వదలుకొన్నవారు గొప్పవారా, ధరించినవారు గొప్పవారా యని నిర్ణయించుట కష్టము. నేడు రంగులను చూపి మనుష్యులను విడదీయువా రెల్లరు ఈ పేరును రోజున కొకసారి ఉచ్చరించిన మేలగును.

ఇచ్చట ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలసి యున్నది. హిట్లరు రాజ్యమున కూర్చుండి స్వాతంత్ర్యము కోరుట యేమి ధర్మమని అడుగువారు కలరు. ప్రశ్న తగినదే, దానిని కప్పిపుచ్చరాదు. ఆ రాజ్యము మానవజాతికి చేసిన ఘోరములు ప్రపంచమునకు తెలిసినవే. శత్రువునకు శత్రువు మిత్రుడను నీతి రాజనీతిలో కలదు గాని ధర్మశాస్త్రమున దానికి మంచి స్థానము లేదు. కాని మనుష్యుని తూచునపుడు అతడు నిలిచిన చోటునే కాక, ఆ చోట నిలిచి ఏమి నాటెనో గూడ చూడవలెను. జాతిగర్వము మదించిన ఆ బెర్లినుననే కూర్చుండి హసన్ గారు వెదకినది జాతులను, మతములను కలుపు మాట. విషవాయువునడుమ నాటిన తులసిమొక్క యది. వాయువు చెదరిపోయినది, మొక్క మన ముంగిట పెరుగుచున్నది.

1945 ఆగస్టులో యుద్ధము ముగిసెను. సైగాను విమానాశ్రయమున వసువుగారికి ఒక్క అనుచరునికి మాత్రమే తోడుగా చోటు దొరకెను. హబీబుర్ రహమాను ఎక్కిరి. హసన్ గారు మిగిలిన సహచరులతో వెనుక నిలిచిరి. పిదప నిర్బంధము, విచారణలు, విడుదల. 1945 నవంబరులో ఎఱ్ఱకోటయందు షానవాజ్, సెహగల్, ధిల్లాన్ అను ముగ్గురు బోనెక్కినపుడు — ఒక ముసల్మాను, ఒక హిందువు, ఒక సిక్కు — దేశమంతయు ఏ మాటతో ఘోషించినదో పాఠకులకు చెప్పనక్కరలేదు. జర్మనీలోని బందీల గుడారములలో పుట్టిన మాట ఢిల్లీ వీధులలో వయస్సునకు వచ్చెను.

1947 నవంబరు 21వ తేదీన స్వతంత్ర భారతము తన మొదటి తపాలా బిళ్ళను వెలువరించెను. వెల 3½ అణాలు. దానిపై త్రివర్ణపతాకము, ఆ ప్రక్కన ‘జయ్ హింద్’. విధివిలాస మేమందుము! ఆనాడు హైదరాబాదు ఇంకను భారతమున చేరలేదు. నిజాము తపాలా వేరు, నాణెము వేరు. మాట యిచ్చిన యూరునకు ఆ మాటను బాహాటముగా పలుకు స్వేచ్ఛకై 1948 సెప్టెంబరు వరకు నిరీక్షింపవలసి వచ్చెను. నేడు ఆబిడ్స్ పెద్ద తపాలా కచేరిలో ఉత్తరము వేయువారికి ఈ కథ తెలిసిన, ఆ మెట్లెక్కుటలో కొంత యానందముండును.

స్వతంత్రమైన పిదప ప్రభుత్వము ఆజాద్ హింద్ సైనికులను మరల సైన్యమున చేర్చుకొనలేదు. పెక్కురు ఇండ్లకు పోయి కష్టజీవనము గడపిరి. స్వాతంత్ర్య సమరయోధులకు కేంద్రప్రభుత్వపు పింఛను పథకము ఏర్పడుటకు 1972 రావలసి వచ్చెను. కొలదిమందికి మాత్రము విదేశాంగశాఖలో స్థానము లభించెను. వారిలో హసన్ గారొకరు. ఈజిప్టు, డెన్మార్కు మున్నగు దేశములందు భారతప్రతినిధిగా పనిచేసి, 1969లో విరమించి, పుట్టినయూరికే తిరిగివచ్చిరి. నేతాజీ చెంత మెలగినవాడను పేరును అమ్ముకొని పదవులకు ప్రాకులాడవచ్చును. ఆయన ఆ పని చేయలేదు. 1984లో స్వర్గస్థులైరి.

సేవ ఆయనతో ముగియలేదు. బద్రుల్ హసన్ కుమార్తె శ్రీమతి సురయ్యా హసన్ బోస్ గారు నేతాజీ వంశపు కోడలైరి. ఆమె నగరపు పడమటి శివారున రాయదుర్గము చెంత మగ్గములు నిలిపి, అంతరించుచున్న హిమ్రూ, మష్రూ నేతలను బ్రదికించిరి. దిక్కులేని స్త్రీలకు మగ్గముపై కూర్చుండుట నేర్పిరి. ఆ చెంతనే పినతండ్రిగారి పేర సఫ్రానీ స్మారక పాఠశాల వెలసెను. మష్రూ బట్టలో పైకి పట్టు, శరీరమునకు తగులు వైపున నూలు. రెండు పోగులు దేనికది వేరే, బట్టమాత్ర మొక్కటే. సురయ్యాగారు 2021లో దివంగతులైరి. సైనికునకు స్మారకముగా ఫిరంగిని నిలుపుట లోకాచారము. ఈ కుటుంబము బడిని, మగ్గమును నిలిపినది.

పాఠకులలో కొందరు, ఆయన ఉర్దూ మాటాడు కుటుంబమువాడు గదా, మన తెలుగువారికేమి సంబంధమని అనవచ్చును. ఈ భేదబుద్ధియే మన నష్టమునకు మూలము. దేశమునకు పతాకపు రూపును 1921లో బెజవాడలో మహాత్మునకు సమర్పించినవారు పింగళి వెంకయ్యగారు. ఆయనయు యౌవనమున దక్షిణాఫ్రికా యుద్ధరంగమును చూచినవారే. దేశమందలి బడిపిల్లలు పఠించు ప్రతిజ్ఞను 1962లో వ్రాసినవారు నల్లగొండ సీమవారైన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. జనగణమన గీతమునకు కవీంద్రుడు ఆంగ్లానువాదము చేసినది 1919లో మన మదనపల్లెలో. పతాకము, ప్రతిజ్ఞ, వందనము — మూడును ఈ గడ్డనుండి పోయినవే. ఇచ్చుటలో మనము వెనుదీయలేదు. ఇచ్చినవారిని తలచుకొనుటలో మాత్రము మనకంటె బద్ధకస్తులు లేరు. వెంకయ్యగారు 1963లో లేమిలోనే కన్నుమూసిరి; పిదప నలుబదియారేండ్లకు ఆయన పేర తపాలా బిళ్ళ వచ్చెను. ఆకలిగొన్నవానికి పెట్టని అన్నము తద్దినమునాడు వడ్డించుట మన యలవాటు.

మరి ఏమి చేయవలయును? విగ్రహము పెట్టుదమని వెంటనే అనువారుందురు. విగ్రహమునకు మేము విరోధులము కాము. కాని రాతికి దండవేయుట ఏటి కొక గడియ పని. మాటకు అర్థము నిలుపుట ప్రతిదినపు పని. హసన్ గారు మనకిచ్చినది మాట గనుక, ఆయనకు చేయవలసిన గౌరవము గూడ ఆ మాటయందే చేయవలయును.

ఆ మాట గతి నేడెట్లున్నది? కలుపుటకు పుట్టిన వందనమును కొందరు పరీక్షగా మార్చుచున్నారు. పొరుగువాని ముఖమున వ్రేలుచూపి, అనుము, అనకున్న నీవు దేశద్రోహివి అని గద్దించుచున్నారు. ఆ గద్దింపబడువాడు పెక్కు తడవలు ఆ మాట నిచ్చినవాని మతమువాడే! ఇంటిని కట్టినవానిని ఇంటి గడపయందు నిలిపి నీవెవడవని అడుగుటకంటె అవివేక మేమున్నది? వందనము అడిగి పుచ్చుకొనునది కాదు. ముందుగా తానిచ్చి, ఎదుటివానినుండి ప్రీతితో పొందునది. బలాత్కారముగా పలికించిన ‘జై హింద్’ హసన్ గారు కూర్చిన మాట కాదు. అక్షరములు అవియే, ప్రాణము వేరు.

అట్లే, ఆ మాటయన్న ముఖము త్రిప్పుకొనువారికిని ఒక మాట చెప్పవలసి యున్నది. దుర్వినియోగము చేయువారున్నారని మాటను వారికే వదలిపెట్టుట న్యాయము కాదు. అది మీ పెద్దలు, మా పెద్దలు ఇంఫాల్ బురదలో కలిసి మోసిన సొత్తు. వారసులు తగవులాడినంతమాత్రమున ఆస్తి అన్యాక్రాంతము కారాదు.

మన వాచకములలో ఆజాద్ హింద్ ఫౌజును గూర్చిన పాఠమున ఈ హైదరాబాదీయుని కథ ఒక్క పుట యుండవలయును. ఉపాధ్యాయుడు పతాకవందనము చేయించు నాడు, మాట పలికించుటకు ముందు ఆ మాట ఎట్లు పుట్టెనో రెండు వాక్యములలో చెప్పవలయును. 1901నాటినుండి తెలుగువారికి జ్ఞానభిక్ష పెట్టుచున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఆబిడ్స్‌కు చేరువనే కలదు. అట్టి గ్రంథాలయములు ఏటి కొకనాడు ఆయన పేర ఒక సభ జరిపి, ఇంఫాల్ వీరులను గూర్చిన ఆ చిన్న పుస్తకమును తెలుగు, ఉర్దూ భాషలవారు కలిసి చదువునట్లు చేయవలయును. గ్రామములందు భూవసతి గల పాఠకులకు ఒక మనవి. మీ యూరి బడిలో, మీ యూరి మగ్గముల వాడలో ఆజాద్ హింద్ సైనికుని మనుమడో, పేద నేతగాని కూతురో చదువు మానుకొనకుండ చూచిన, ఆ ఖర్చు సఫ్రానీగారి ఖాతాలో జమ కట్టుకొనుడు. ఆయన కుటుంబము చూపిన స్మారకపద్ధతి అదియే.

ఆదివారమున ఆబిడ్స్ కాలిబాటలమీద పాత పుస్తకములు పరచి అమ్ముదురు. ఆ గుట్టలలో వెదకు విద్యార్థు లెందరో కనబడుదురు. పొరబాటున ఒకడు ఇంకొకని కాలు త్రొక్కును. అప్పుడు ఇద్దరును తలలెత్తి ఒకరినొకరు చూచి నవ్వుకొని, పేరడుగక, మతమడుగక, జరిగి చోటిత్తురు. ఆ జరిగిన జానెడు చోటే హసన్ గారు కోరిన హింద్. దానికే జయమగుగాక!